ఎస్ పెన్ ఉన్న ట్యాబ్‌లో కలంకారీ బొమ్మలు, ముగ్గులు గీయడానికి ఉచిత యాప్ ఏది పెట్టుకోవాలి?

చంద్రగిరి_రేఖ:

అందరికీ నమస్తే. మాది తిరుపతి పక్కన చంద్రగిరి. నా దగ్గర ఉండేది గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్. 10.4 అంగుళాల తెర, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, ట్యాబ్‌తో పాటే వచ్చిన ఎస్ పెన్. యాప్‌కి డబ్బు పెట్టే ఆలోచన ఇప్పట్లో లేదు.

పని మూడు రకాలు. ఒకటి, శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతిలో నల్ల గీతల బొమ్మలు గీసి, రంగులు నింపి, ఏ3 సైజులో ప్రింట్ తీయాలి. రెండు, చీర అంచుకు పనికొచ్చే డిజైన్, అంటే ఒక ముక్క గీస్తే అదే వరసగా అతుకు తెలియకుండా రావాలి. మూడు, సంక్రాంతి ముగ్గులు, చుక్కలతో సహా.

క్రిటా, ఐబిస్ పెయింట్, స్కెచ్‌బుక్, మెడీబ్యాంగ్ నాలుగూ దించుకున్నా. ఏది తెరిచినా బ్రష్‌లు వందల్లో ఉండాయి, దేంతో మొదలుపెట్టాలో తెలియలేదు. గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతా ఉంది. బకెట్‌తో రంగు పోస్తే గీత పక్కన సన్నగా తెల్ల అంచు మిగులుతోంది, లేదంటే రంగు పేజీ అంతా పారిపోతోంది. చెయ్యి ఆన్చితే అక్కడా గీత పడతోంది. నాలుగు యాప్‌లూ ఉంచుకుంటే స్టోరేజ్ చాలదు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, ఎట్ల సెట్ చేసుకోవాలి, తెలిసినోళ్లు వివరంగా చెప్పండన్నా, అక్కా.


పలక_పెన్ను:

రేఖ గారూ, ముందు ఒక మంచి మాట. మీ ట్యాబ్‌కి ఎస్ పెన్ ఉంది కాబట్టి సగం పని అయిపోయినట్టే. ఎస్ పెన్ ఒత్తిడిని గుర్తుపడుతుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు. బజార్లో దొరికే రబ్బరు మొన పెన్నులు, పారదర్శకమైన బిళ్ల ఉండే పెన్నులు తెరకి వేలితో సమానం. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా యాప్‌కి తేడా తెలియదు. అవి వాడేవాళ్లు ఎంత మంచి యాప్ పెట్టుకున్నా గీత ఒకే లావుగా వస్తుంది. ఇది చదివేవాళ్లలో ఎస్ పెన్ పని చెయ్యని ట్యాబ్ ఉన్నవాళ్లు ఉంటే, యాప్ వెతకడం కంటే ముందు మీ ట్యాబ్ మోడల్ ఏ పెన్నుతో పని చేస్తుందో చూసుకోండి. ఒక కంపెనీ పెన్ను ఇంకో కంపెనీ ట్యాబ్ మీద ఒత్తిడి చూపిస్తుందని నమ్మి కొనొద్దు.

రెండోది ర్యామ్. యాప్ ఎంపికలో దీన్ని ఎవరూ పట్టించుకోరు, తర్వాత యాప్ మూసుకుపోతోందని బాధపడతారు. లెక్క తేలికే. పొడవు పిక్సెళ్లు, వెడల్పు పిక్సెళ్లు, 4 బైట్లు, ఈ మూడూ గుణిస్తే ఒక లేయర్ (బొమ్మలో ఒకదాని మీద ఒకటి పేర్చే పొర) ఎంత మెమరీ తింటుందో వస్తుంది. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన, ఏ4 అంటే 2480 × 3508, లేయర్‌కి దాదాపు 35 ఎంబీ. ఏ3 అంటే 3508 × 4961, లేయర్‌కి దాదాపు 70 ఎంబీ. ఏ3లో 20 లేయర్లు పెడితే 1.4 జీబీ దాకా పోయింది. వెనక్కి తీసుకునే అన్‌డూ మెట్లకి ఇంకా వేరే. 4 జీబీలో ఆండ్రాయిడే పెద్ద వాటా తీసుకుంటుంది కాబట్టి యాప్‌కి అంత దొరకదు. అందుకే కొన్ని యాప్‌లు కాన్వాస్ పెద్దదైతే లేయర్ల సంఖ్యని వాటంతట అవే తగ్గించేస్తాయి. అది యాప్ లోపం కాదు, లెక్క అంతే.

మీకు పనికొచ్చే దారి ఏంటంటే, ఏ3 బొమ్మని 200 డీపీఐలో పెట్టుకోండి. 2339 × 3307 వస్తుంది, లేయర్‌కి 31 ఎంబీ. గోడకి తగిలించే బొమ్మకి అది సరిపోతుంది. సన్నని నగల పని, జుట్టు గీతలు ఎక్కువగా ఉంటే 300 పెట్టుకుని లేయర్లు ఎనిమిది, పది దాటనివ్వకండి. చిన్న కాన్వాస్‌లో గీసి తర్వాత పెంచుదామని మాత్రం అనుకోవద్దు. పెంచితే గీత అంచులు బూజు పట్టినట్టు మసకబారతాయి.

ఇక యాప్. మీరు చెప్పిన మూడు పనులకి రెండు యాప్‌లు ఉంచుకోండి: ఐబిస్ పెయింట్, క్రిటా. గీత, రంగులు, ముగ్గులు ఐబిస్‌లో. అతుకు తెలియని చీర అంచు క్రిటాలో.

ఎందుకంటే ఐబిస్ వేళ్లకీ పెన్నుకీ తగ్గట్టు కట్టిన యాప్. బటన్లు పెద్దవి, గీత నిలకడగా వస్తుంది, పీఎస్‌డీగా (లేయర్లు విడివిడిగా నిలిచే ఫోటోషాప్ ఫైల్) బయటికి తీయొచ్చు. ఉచితంలో ప్రకటనలు వస్తాయి, కొన్ని బ్రష్‌లకి ప్రకటన వీడియో చూస్తే కాసేపు తెరుచుకుంటాయి. మీ పనికి ఆ బ్రష్‌లతో అవసరమే లేదు. క్రిటా పూర్తిగా ఉచితం, ప్రకటనలు లేవు, కంప్యూటర్లో ఉన్నది దాదాపు అంతా ఉంది. కష్టం కూడా అక్కడే. కంప్యూటర్ కోసం చేసిన మెనూలు 10 అంగుళాల తెర మీద చీమల్లా కనిపిస్తాయి, 4 జీబీలో బరువుగా నడుస్తుంది. ఆండ్రాయిడ్‌లో అది ఇంకా పరీక్ష దశలో ఉన్న కూర్పు. స్కెచ్‌బుక్ చాలా శుభ్రంగా ఉంటుంది, నోట్‌బుక్‌లా చిత్తు బొమ్మలకి దాన్ని మించింది లేదు. కానీ కొన్ని పనిముట్లు డబ్బు కడితేనే తెరుచుకుంటాయి. మెడీబ్యాంగ్ కామిక్ గడులు గీసేవాళ్లకి మంచిది. స్టోరేజ్ చాలకపోతే ముందు తీసేయాల్సింది అదే.

చెయ్యి ఆన్చితే గీత పడే సంగతి: రెండు యాప్‌లలోనూ వేలితో గీయడం ఆపేయొచ్చు. ఐబిస్‌లో సెట్టింగ్స్‌లో మీ స్టైలస్‌ని ఎంచుకుని, వేలి గీతలు ఆపేయండి. క్రిటాలో సెట్టింగ్స్, కాన్ఫిగర్ క్రిటా, జనరల్, టూల్స్ దగ్గర టచ్ పెయింటింగ్ ఆపండి. అప్పుడు వేళ్లు జూమ్‌కీ తిప్పడానికీ మాత్రమే పని చేస్తాయి. ఇంకోటి, పెన్ను పక్క బటన్ పొరపాటున నొక్కుకుని మధ్యలో ఎయిర్ కమాండ్ అనే పెన్ను షార్ట్‌కట్ల మెనూ ఎగిరొస్తుంది. ట్యాబ్ సెట్టింగ్స్‌లో ఎస్ పెన్ భాగంలో దాన్ని ఆపేస్తే ప్రాణం హాయిగా ఉంటుంది.


చంద్రగిరి_రేఖ:

చాలా థాంక్స్ అన్నా. లెక్క ఇప్పుడు అర్థమైంది. మెడీబ్యాంగ్ తీసేశా. గీత లావు సన్నం, రంగు పారిపోయేది, ఈ రెండిటికీ ఏం చెయ్యాలి?


కరక్కాయ_నీళ్లు:

గీత గురించి నేను చెప్తానమ్మా. కలంకారీ గీతకి ఒక గుణం ఉంది, దాన్ని ముందు పట్టుకోవాలి. కలం అంటే మొన చెక్కిన వెదురుపుల్ల. మొనకి కాస్త పైన గుడ్డో, ఉన్నో చుట్టి దారంతో కట్టి ఉంటుంది. రంగు ఆ ఉండలో నిలుస్తుంది, వేళ్లతో మెల్లగా నొక్కితే మొనకి దిగుతుంది. అందుకే గీత దాదాపు ఒకే లావులో పోతుంది, మలుపు దగ్గర చేయి నెమ్మదించినచోట ఒక పిసరు ఉబ్బుతుంది, చివర్న మొద్దుగా ఆగుతుంది. తోక సన్నగా సాగి మాయమయ్యే గీత కుంచె గీత, కలం గీత కాదు. యాప్‌లోని పెన్ బ్రష్‌లు చాలావరకు ఆ తోక వచ్చేలాగే సెట్ చేసి ఉంటాయి. మీకు లావు సన్నం అవుతున్నది అందుకే.

ఐబిస్‌లో డిప్ పెన్ హార్డ్ తీసుకోండి. ఒత్తిడికి లావు మారే పాళ్లు తగ్గించండి, మెల్లగా నొక్కినా అసలు లావులో 65, 70 శాతానికి తగ్గకూడదు. మొదలూ చివరా సన్నబడే అమరిక ఉంటే సున్నా చేయండి. ఒత్తిడికి పలచబడే గుణం, అంటే ఒపాసిటీ మారడం, పూర్తిగా ఆపేయండి. ఇది మర్చిపోతే గీత బూడిదరంగులో పడుతుంది, బకెట్ రంగు దాంట్లోంచే పారిపోతుంది. క్రిటాలో అయితే ఇంక్-3 జీపెన్ తీసుకుని, బ్రష్ ఎడిటర్‌లో సైజ్ మీద ఉన్న ఒత్తిడి వంపు గీత ఎడమ చివరని పైకి లాగండి. అదే ఫలితం.

లావు ఎంత? 200 డీపీఐ ఏ3లో పెద్ద ఆకారాల చుట్టు గీతకి 8 పిక్సెళ్లు, అంటే కాగితం మీద దాదాపు ఒక మిల్లీమీటర్. లోపలి మడతలకి 5, నగలకీ కనురెప్పకీ 3. ఈ మూడు సైజులు మూడు బ్రష్‌లుగా దాచుకోండి, స్లైడర్ జరపడం మానేయండి. బొమ్మ పొడుగునా ఒకే చెయ్యి గీసినట్టు కనిపించేది దానివల్లే.

స్టెబిలైజర్ మీద ఒక హెచ్చరిక. వణుకు పోతుందని ఎక్కువ పెడితే గీత పెన్ను వెనకాల లాక్కుంటూ వస్తుంది, పదునైన మలుపుల్ని కోసేస్తుంది. మామిడి పిందె బుటా కొస చూడండి, వంగి వచ్చి చివర్న ఒక్కసారి వెనక్కి తిరుగుతుంది. స్టెబిలైజర్ 10లో 8 పెడితే ఆ కొస గుండ్రమైపోయి పిందె కాస్తా చింతగింజ అవుతుంది. 3 నుంచి 5 చాలు. పొడుగు వంపుల్ని వేళ్లతో కాదు, మోచేతి నుంచి లాగండి, కాన్వాస్‌ని రెండు వేళ్లతో తిప్పి మీ చేతికి అనువైన వైపు పెట్టుకోండి.

ఇప్పుడు రంగు పారడం. రెండు కారణాలు, రెండూ వేరు. గీతల మధ్య సందు ఉంటే పారుతుంది. బకెట్ అమరికల్లో సందుల్ని గుర్తించేది ఉంటుంది, చిన్న సందుల్ని అది మూస్తుంది. పెద్ద సందుని జూమ్ చేసి పెన్నుతో మీరే మూయాలి. తెల్ల అంచు మిగిలేది వేరే కారణం. గీత అంచు నునుపుగా కనిపించడానికి యాప్ అక్కడ సగం నలుపు, సగం పారదర్శకంగా ఉండే పిక్సెళ్లు వేస్తుంది. బకెట్ వాటి దగ్గర ఆగిపోతుంది. విరుగుడు: బకెట్ అమరికలో ఎక్స్‌పాన్షన్ 2 లేదా 3 పిక్సెళ్లు పెట్టండి (క్రిటాలో దాన్ని గ్రో అంటారు), రంగుని గీతల లేయర్‌లో కాకుండా కింద ఉన్న వేరే లేయర్‌లో పోయండి, హద్దుల కోసం పై లేయర్లని కూడా చూడమని ఎంచుకోండి. రంగు రెండు పిక్సెళ్లు గీత కిందికి దూరుతుంది, అంచు కనపడదు.

లేయర్ల వరస మన అద్దకం వరసలోనే పెట్టుకుంటే ఫలితం చాలా అందంగా ఉంటుంది, ఈ మాట నేను గట్టిగా చెప్తాను. బట్టని కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టాక మొదట కసిమితో (ఇనుము, బెల్లం ఊరబెట్టి తీసే నల్ల రంగు) నల్ల గీత, తర్వాత పటికతో ఎరుపు, ఆ తర్వాత పసుపు, నీలం. ఆకుపచ్చ అంటూ విడిగా రంగు ఉండదు, పసుపు మీద నీలం పడితే వచ్చేదే. ట్యాబ్‌లో కూడా అట్లే చెయ్యండి. అడుగున మీగడ రంగు లేయర్, ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు) 240, 226, 196. దానిపైన ఎరుపు, పసుపు, నీలం మూడు లేయర్లు, మూడిటికీ బ్లెండ్ మోడ్ మల్టిప్లై, అంటే కింది రంగుతో కలిసి ముదిరే పద్ధతి. అన్నిటికీ పైన నల్ల గీతలు. పసుపు 225, 180, 60 వేసి, ఆకులున్నచోట దానిపైన నీలం 110, 150, 190 వేస్తే 97, 106, 45 దగ్గర ఆకుపచ్చ వస్తుంది. మీగడ రంగు కూడా కలిశాక ఇంకొంచెం ముదురుతుంది. పాలెట్‌లోంచి తీసిన ఆకుపచ్చ ఎంత వెతికినా ఆ నానిన రంగుని ఇవ్వదు. మొత్తం ఐదు లేయర్లే కాబట్టి మీ 4 జీబీకి భారం కాదు.

ఒక్క విన్నపం. ఇట్లా గీసి యంత్రం మీద అచ్చువేసిన బట్టని శ్రీకాళహస్తి కలంకారీ అని అమ్మకండి. ఆ పేరుకి భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు చేత్తో కలం పట్టి చేసిన పనికే చెందుతుంది. 'కలంకారీ తరహా డిజైన్' అని చెప్పుకుంటే ఎవరికీ నష్టం లేదు.


అంచు_పమిట:

చీర అంచు సంగతి రాస్తున్నా. దీనికోసమే క్రిటా ఉంచుకోమన్నారు, అది సరైన మాట. వ్యూ మెనూలో ర్యాప్ అరౌండ్ మోడ్ అని ఉంటుంది. అది పెట్టగానే కాన్వాస్ నాలుగు వైపులా తనే మళ్లీ మళ్లీ పరుచుకుంటుంది. కుడి అంచు దాటి గీసిన తీగ ఎడమ అంచులోంచి బయటికి వస్తుంది. అంటే అతుకు మీదే గీయొచ్చు, తర్వాత కలపాల్సిన పనే లేదు.

కొలత ముందే తేల్చుకోండి. చీర 5.5 మీటర్లు అంటే 216.5 అంగుళాలు. ముక్క పొడవు 12 అంగుళాలు పెడితే 18 సార్లు వచ్చి అర అంగుళం మిగులుతుంది. 10 పెడితే 21 సార్లు వచ్చి ఆరున్నర మిగులుతుంది, చివర్న బొమ్మ సగంలో తెగుతుంది. కాబట్టి 12. అంచు 4 అంగుళాలు అనుకుంటే 200 డీపీఐలో కాన్వాస్ 2400 × 800. బట్ట మీద అచ్చువేసేవాళ్లు ఎంత డీపీఐ అడుగుతారో, బట్ట ఉతికితే ఎంత కుంచించుకుంటుందో ముందే కనుక్కుని ఈ అంకెలు సవరించుకోండి.

ర్యాప్ అరౌండ్ పైనా కిందా కూడా చుడుతుందని గుర్తుంచుకోండి. అంచుకి పక్కల అతుకు కావాలి కానీ పైకీ కిందికీ అక్కర్లేదు. పైనా కిందా 20 పిక్సెళ్లు ఖాళీగా వదిలి, అక్కడ ఒక సన్న గీత గైడ్‌గా పెట్టుకోండి, దాన్ని దాటనివ్వకండి. మూల ముక్క వేరే గీయాలి. 800 × 800 చదరం తీసుకుని ఐమూలగా ఒక గీత వేసి, ఒక సగంలో తీగని వంచి తెచ్చి, దాన్నే అద్దం తిప్పి రెండో సగంలో పెట్టాలి. అంచుని ఊరికే 90 డిగ్రీలు తిప్పి అతికిస్తే తీగ మూల దగ్గర తెగినట్టు కనిపిస్తుంది.

చీర ఒళ్లంతా బుటాలు కావాలంటే హాఫ్ డ్రాప్ వరస బాగుంటుంది, అంటే ఒక నిలువు వరసకి పక్క వరస సగం కిందికి దిగి ఉండటం. దానికి కాన్వాస్ 2000 × 1000 పెట్టి, మొదటి బుటాని 500, 500 దగ్గర, రెండోదాన్ని 1500, 0 దగ్గర పెట్టండి. రెండోది పై అంచు మీద సగం తెగి, మిగతా సగం కింద కనిపిస్తుంది. కంగారు పడకండి, పరిస్తే కలుస్తుంది.

పని అయ్యాక 10 శాతానికి జూమ్ తగ్గించి చూడండి. దగ్గరగా చూస్తే కనపడని ఖాళీలు దూరంగా చూస్తే నిలువు చారల్లా తేలతాయి. ఆ చార మీద ఒక మొగ్గో ఆకో అడ్డంగా వేస్తే చెదిరిపోతుంది. ఫైల్ మాత్రం ఒక్క ముక్కే పీఎన్‌జీగా తీయండి.

క్రిటాలో ఉన్నప్పుడు వాట్సాప్‌కో ఫోటోలకో వెళ్లే ముందు ఫైల్ సేవ్ చేయండి. వెనక్కి వెళ్లిన బరువైన యాప్‌ని ర్యామ్ చాలక ఆండ్రాయిడ్ మూసేస్తుంది. కాన్ఫిగర్ క్రిటాలో పర్ఫార్మెన్స్ కింద మెమరీ లిమిట్ ఉంటుంది, అక్కడ కాస్త తగ్గించి పెట్టినా మేలే.


సందుచుక్క:

ముగ్గులకి ఐబిస్‌లో సిమెట్రీ రూలర్ వాడండి. దాంట్లో కెలిడోస్కోప్ వేరు, రొటేషన్ వేరు. కెలిడోస్కోప్ తిప్పుతూ అద్దంలా కూడా వేస్తుంది, పద్మాలకి, రథం ముగ్గుకి బాగుంటుంది. రొటేషన్ అద్దం లేకుండా తిప్పుతుంది. ఒకే వైపుకి మెలి తిరిగే మెలికల ముగ్గుకి ఇదే కావాలి, కెలిడోస్కోప్ పెడితే మెలికలు ఎదురెదురుగా ఢీకొంటాయి. క్రిటాలో మల్టీబ్రష్ అని ఉంది, దాంట్లో సిమెట్రీ అంటే రొటేషన్, స్నోఫ్లేక్ అంటే అద్దంతో కూడినది.

ఎన్ని భాగాలు పెట్టాలన్నది చుక్కలే చెప్తాయి. ఎదురు చుక్కల ముగ్గు, ఉదాహరణకి 15 నుంచి రెండేసి తగ్గుతూ 1 వరకు, చదరపు గడుల మీద నడుస్తుంది. దానికి 4 భాగాలు. సందు చుక్కల ముగ్గు, 15 చుక్కలు 8 వరకు, ఆరు పలకలది. దానికి 6.

ఇక్కడే అందరూ తప్పుతారు. సందు చుక్కలకి అడ్డంగా చుక్కకీ చుక్కకీ ఎంత దూరమో, వరసకీ వరసకీ అంతే పెడతారు. నేల మీద చేత్తో వేసినప్పుడు ఆ తేడా కంటికి ఆనదు, చెయ్యి సర్దుకుంటుంది. యాప్ సర్దుకోదు, 60 డిగ్రీలు తిప్పిన గీత చుక్కల మీద పడకుండా పక్కన పడుతుంది. వరసల మధ్య దూరం, చుక్కల మధ్య దూరానికి 0.866 వంతు ఉండాలి. 3000 × 3000 కాన్వాస్‌లో చుక్కల మధ్య 180 పిక్సెళ్లు పెడితే వరసల మధ్య 156. నడి వరస 2520 పిక్సెళ్ల పొడుగు వస్తుంది, చుట్టూ ముగ్గు తిరగడానికి చోటు ఉంటుంది. నడి చుక్క సరిగ్గా 1500, 1500 మీద, రూలర్ కేంద్రం కూడా అక్కడే. నడి వరసని కాపీ చేసి, ఒక చుక్క తీసేసి, 90 పక్కకీ 156 పైకీ జరపండి. అట్లా పైకి ఏడు వరసలు, కిందికి ఏడు. మొత్తం 169 చుక్కలు రావాలి, రాకపోతే ఎక్కడో ఒకటి తప్పింది.

చుక్కల లేయర్‌ని తాళం వేసి పక్కన పెట్టుకోండి. ఒక్కసారి చేసుకుంటే ఏటా ధనుర్మాసం అంతా అదే ఫైల్‌ని కాపీ చేసి వాడుకోవచ్చు.


పలక_పెన్ను:

ప్రింట్ సంగతి ఎవరూ అనలేదు కాబట్టి నేనే రాస్తా. తిరుపతిలో ప్రింట్ షాపుకి ఫైల్ పంపేది ఎక్కువగా వాట్సాప్‌లోనే. ఫోటోగా పంపితే అది కుదించేస్తుంది, సన్న గీతల చుట్టూ మురికి చుక్కలు వస్తాయి. అటాచ్ గుర్తు నొక్కి డాక్యుమెంట్‌గా పంపండి, ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది.

పీఎన్‌జీలో డీపీఐ సమాచారం లేకపోతే షాపు కంప్యూటర్ దాన్ని 72గా అనుకోవచ్చు. అప్పుడు 3307 పిక్సెళ్ల బొమ్మ దాదాపు 46 అంగుళాల కాగితం అడుగుతుంది, షాపువాళ్లు 'ఫిట్ టు పేజ్' నొక్కేస్తారు, కొలత పోతుంది. అందుకే పీడీఎఫ్ ఇవ్వడం మేలు. ఐబిస్ నుంచి పీఎస్‌డీ తీసి, ట్యాబ్ బ్రౌజర్‌లోనే ఫోటోపియా అనే వెబ్‌సైట్ తెరిచి, దాంట్లో కొలత సరిచూసి పీడీఎఫ్‌గా తీయండి, అది కూడా ఉచితమే. షాపులో 'యాక్చువల్ సైజ్' అని చెప్పండి. ప్రింటర్ కాగితం అంచుల దాకా వెయ్యలేదు కాబట్టి నాలుగు వైపులా ఒక సెంటీమీటర్ వదలండి. ఒక మూల సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత వేసి ఉంచండి. ప్రింట్ చేతికి రాగానే స్కేలు పెట్టి కొలిస్తే కొలత మారిందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. పెద్ద బొమ్మని నాలుగైదు ఏ3లుగా ముక్కలు చేసి అతికించి, బట్ట మీదికి గీతలు దించుకునేవాళ్లకి ఇది తప్పనిసరి.

తెర మీద మెరిసే నీలం, చిలకపచ్చ సిరాలో రావు. కలంకారీ రంగులు ఎట్లాగూ మట్టి రంగులే కాబట్టి మీకు పెద్ద తేడా ఉండదు. డిజిటల్ ప్రింటర్‌కి ఆర్‌జీబీ ఫైల్ చాలు. ఆఫ్‌సెట్‌లో వేయిస్తే మాత్రం నల్ల గీతల్ని విడిగా ఇచ్చి నల్ల సిరా ఒక్కదాంతోనే వెయ్యమనండి. నాలుగు సిరాల నలుపు ఒక వెంట్రుకవాసి జరిగినా గీత పక్కన ఎర్రటి, నీలపు నీడ కనిపిస్తుంది.


చంద్రగిరి_రేఖ:

ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, అందరికీ దండాలు. చివరిగా రెండు. మా అక్క దగ్గర ఐప్యాడ్ ఉంది, నేను గీసింది ఆమె అక్కడ తెరిచి రంగులు వెయ్యగలదా? డబ్బు కట్టే యాప్‌ల ఏపీకేలు (ప్లే స్టోర్ బయటినుంచి పెట్టుకునే యాప్ ఫైళ్లు) ఉచితంగా ఇస్తామని ఒకరు లింక్ పంపారు, పెట్టుకోవచ్చా?


పలక_పెన్ను:

ఏపీకే వద్దమ్మా, అసలు వద్దు. అట్లాంటి వాటిలో ఏం కలిపి ఉంటుందో ఎవరికీ తెలియదు. అదే ట్యాబ్‌లో మీ ఫోన్‌పే, మెయిల్ కూడా ఉంటాయి. పైన చెప్పిన పనులన్నీ ఉచిత యాప్‌లతోనే అవుతున్నాయి కదా.

ఐప్యాడ్‌లో క్రిటా లేదు. ఐబిస్, స్కెచ్‌బుక్ ఉన్నాయి. మీరు పీఎస్‌డీగా తీసి గూగుల్ డ్రైవ్‌లో పెడితే అక్కడ ఐబిస్‌లో లేయర్లతో సహా తెరుచుకుంటుంది, మల్టిప్లై కూడా నిలుస్తుంది. తెలుగు అక్షరాలు రాసి ఉంటే పంపే ముందు మామూలు లేయర్‌గా మార్చండి, లేకపోతే అక్కడ ఆ ఫాంట్ లేక మారిపోవచ్చు. మీ అక్క దగ్గర ఏ ఆపిల్ పెన్సిల్ ఉందో అడగండి. యూఎస్‌బీ-సీ రకానికి ఒత్తిడి గుర్తుపట్టే గుణం లేదు. రంగులు పొయ్యడానికి అది చాలు, గీతలు మాత్రం మీరే గీయండి.

ఆ డ్రైవ్ కాపీ మీకూ కావాలి. ఐబిస్ బొమ్మల్ని యాప్ లోపలే దాస్తుంది, స్టోరేజ్ నిండిందని యాప్ తీసేస్తే బొమ్మలు కూడా దాంతో పోతాయి. మీది 64 జీబీ కాబట్టి ఆ రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఒక్కో బొమ్మ పూర్తవగానే పీఎస్‌డీ ఒకటి, పీఎన్‌జీ ఒకటి డ్రైవ్‌లోకి పంపి, ఆ తర్వాతే కొత్త కాన్వాస్ తెరవండి.